సూర్యుడికి స్విచ్ లేదు, అదే అసలు సమస్య

తిరుపతిలో చలికాలమే లేదనేవాళ్ల మాట నమ్మకండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున అలిపిరి మెట్ల దగ్గర మంకీ క్యాపులు చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. ఒక్కోరోజు 16, 17 డిగ్రీలకు కూడా దిగిపోతుంది. మనుషులకే ఇట్లా ఉంటే, జానెడు ట్రేలో నిలబడ్డ బోన్సాయ్ మర్రి గతేం కావాలి?

అందుకే బాధ్యత తెలిసిన పౌరులు కార్తీకం వెళ్లగానే బాల్కనీలోని చెట్లను హాల్లోకి చేర్చి, కర్టెన్లు లాగి, ఎండకు బదులు మొక్కల మీద వేసే గ్రో లైట్ బిగిస్తున్నారు. ముందుచూపంటే ఇదే. సూర్యుడిని నమ్ముకుంటే ఏముంది? స్విచ్ లేదు, టైమర్ లేదు, వారంటీ లేదు. పైగా ఉచితం. మిట్టమధ్యాహ్నపు ఎండ వెలుగు కొలతలో లక్ష లక్స్ దాకా ఉంటుందంటారు, ఉండనీండి. దాన్ని టీవీ పక్కన పెట్టి చుట్టాలకు చూపించగలమా?

డిసెంబరులో లండన్‌లో పగలు 8 గంటలే. బయట గడ్డకట్టే చలి. అక్కడివాళ్లు ఫైకస్‌ను, అంటే మన మర్రి లాంటి చెట్టును, ఇంట్లోకి తెచ్చి 14 గంటలు లైటు వేస్తే అర్థముంది. మన పగలు డిసెంబరులో కూడా 11 గంటలు దాటుతుంది. అయినా లోటు లోటే కదా! తక్కువ పడిన ఆ రెండు మూడు గంటలు మన మర్రికి ఎవరిస్తారు?

లైటు ఊదా రంగులో ఉండడం ముఖ్యం. తెల్లటి ఎల్‌ఈడీతోనూ ఆకు బతుకుతుంది గానీ, అది గ్రో లైటని ఎదురింటివాళ్లకు తెలియదు. మా ఎదురు ఫ్లాటులో ఈ వెలుగు కర్టెన్ సందులోంచి మెట్ల దాకా పడుతుంది. వాచ్‌మన్ ఒకరోజు ఆగి, "ఏమిటికి సామీ ఇది, లోపల బార్ పెట్టినారా?" అని అడిగాడు. ఇంకో సుగుణమేమంటే, ఆ వెలుగులో ఆకులన్నీ నల్లగానే కనిపిస్తాయి. పండుబారినా తెలియదు, ఎర్రనల్లి పురుగు పట్టినా తెలియదు. యజమానికి టెన్షన్ ఉండదు.

ఇక జూనిపర్. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి తెప్పించే చలిదేశాల చెట్టు. దానికి ఏటా కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉన్నంత చలి తగిలితేనే నిద్ర, అంటే పెరగడం ఆపి తీసుకునే విశ్రాంతి. తిరుపతిలో అది దొరకదు. ఎట్లాగూ నిద్ర లేదు కదా అని మనం రాత్రి పది దాకా లైటు వేస్తాం. అది చచ్చిపోతుంది. అయితే జూనిపర్ ఎంత మర్యాద గల చెట్టంటే, చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే ఉంటుంది. సరిగ్గా ఆ వారాల్లోనే యజమాని వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి, లైటు అద్భుతంగా పనిచేస్తోందని రాస్తాడు. మరునాటికి ఇంకో నలుగురు ఆర్డర్ పెట్టేస్తారు.

ఇక్కడ బోన్సాయ్‌ని చంపేది చలి కాదు, ఈశాన్య రుతుపవనాల వాన అనే వాదమొకటి ఉంది. 2021 నవంబరులో ఊళ్లోకి నీళ్లు వచ్చినది గుర్తుందిగా, అట్లాంటి ముసురులో ట్రే మట్టి ఆరక వేర్లు కుళ్లిపోతాయట. చెప్పే వైద్యమేమో, అడుగు రంధ్రం పూడకుండా చూడడం, ట్రే కింద ఒకవైపు చెక్కముక్క పెట్టి వంచడం, మట్టిలో వేలు పెట్టి పైన ఆరిందనిపిస్తేనే నీళ్లు పోయడం, వాన తెరిపిచ్చాక ఎండలో పెట్టడం. వీటిలో ఒక్కదానికీ ప్లగ్గు లేదు. శాస్త్రీయమని ఎట్లా అనగలం?

ఇంతలో మా బిల్డింగ్ పిట్టగోడ పగుల్లో ఒక రావి మొలిచింది. ఇదీ మర్రిలాగే ఫైకసే. మట్టి లేదు, ఎరువు లేదు, లైటు అసలే లేదు. వాచ్‌మన్ ఏటా పీకేస్తాడు, ఏటా మళ్లీ వస్తుంది. ఈసారి దాని వేళ్లకు యాసిడ్ పోయించడానికి అసోసియేషన్ మీటింగులో మెయింటెనెన్స్ డబ్బు మంజూరు చేశాం. లాబీలో వాడిపోతున్న బోన్సాయ్ రావికి రెండో లైటు కొనాలన్నది కూడా అదే తీర్మానంలో ఉంది. అందరం సంతకాలు పెట్టాం.