కిరీటం కాస్త పక్కన పెట్టండమ్మా!

అమెరికా ఫొటోగ్రాఫర్ ఆనీ లీబోవిట్జ్ గారి ఫొటోలకు వంకలు పెట్టే అర్హత మనబోటివాళ్లకు లేదు. ఫొటో చీకటిగా ఉందంటే అది చీకటి కాదట, 'మూడ్' అట. మొహం కనపడలేదంటే లోపం మన కంటిదట. ఈ సమర్థింపులు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి గనక, ఆవిడ ఘనతను కాస్త భక్తిగా తలుచుకుందాం.

1970లో 'రోలింగ్ స్టోన్' పత్రికకు తీయడం మొదలెట్టిన దగ్గర్నుంచీ, ఎదుటి మనిషి ఒంటి మీద ఏదో ఒకటి ఎక్కువైనట్టే ఆవిడకు తోస్తుంది. 1980 డిసెంబర్ 8న బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ ఆవిడ కెమెరా ముందు బట్టలన్నీ విప్పాడు. అతని భార్య యోకో ఓనో తానూ చొక్కా తీస్తానంటే మాత్రం ఈవిడే వద్దన్నారు. (ఆ ఫొటో అద్భుతం. ఆ రాత్రే అతన్ని కాల్చి చంపారు. దాని మీద వెటకారానికి నాకు నోరు రాదు.) 1991లో 'వ్యానిటీ ఫెయిర్' అట్ట మీద నూలుపోగు లేని నిండు గర్భిణి, హాలీవుడ్ నటి డెమీ మూర్.

2007లో బకింగ్‌హామ్ ప్యాలెస్ వంతు వచ్చింది. ఎనభై ఏళ్ల ఎలిజబెత్ రాణి గార్టర్ అనే రాచబిరుదు అంగీ ఈడ్చుకుంటూ వచ్చి కూర్చుంది. లీబోవిట్జ్ అటూ ఇటూ చూసి, "కిరీటం తీసేస్తే కాస్త హడావుడి తగ్గుతుందేమో" అన్నారు. కూచిపూడి సత్యభామను పట్టుకుని 'ఆ జడ తీసేయమ్మా, సింపుల్‌గా ఉంటుంది' అన్నట్టు! రాణి తన అంగీ చూపించి, హడావుడి తగ్గడమా, మరి దీన్నేమనుకుంటున్నావ్ అని నిలదీసింది. అదేం చిత్రమో, కిరీటం తీయమన్నవారి కొలువు భద్రం. రాణి అలిగి లేచిపోయినట్టు బీబీసీ డాక్యుమెంటరీ ట్రైలర్లో దృశ్యాలు తారుమారై, బీబీసీ వన్ ఛానెల్ అధిపతి పీటర్ ఫించమ్ ఉద్యోగానికి ఎసరొచ్చింది!

నవ్వుకోవడం అయిందా? ఇక అసలు మంట. 2020 ఆగస్టు అమెరికా ఫ్యాషన్ పత్రిక 'వోగ్' అట్ట మీద నల్లజాతి జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్. అప్పటికే నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన పిల్ల. ఆమె దగ్గర తీయించడానికి కిరీటం లేదు కాబోలు, వెలుతురు తీసేశారు. నిగనిగలాడే నల్లటి ఒళ్లు బూడిద కొట్టుకుపోయింది. 2022లో అమెరికా సుప్రీంకోర్టుకు తొలి నల్లజాతి మహిళా న్యాయమూర్తి కేటాంజీ బ్రౌన్ జాక్సన్‌ను లింకన్ స్మారకం దగ్గర నిలబెట్టారు. మళ్లీ అదే మసక.

చేతకాకనా? 1984లో నల్లజాతి నటి వూపీ గోల్డ్‌బర్గ్‌ను పాలతొట్టిలో పడుకోబెట్టి తీసింది ఈ చెయ్యే కదా! మొహం, కాళ్లు, చేతులు ఎంత స్పష్టంగా కనపడతాయో చూడండి. నల్ల ఒంటిని వింతగా చూపించాలంటే దీపాలన్నీ వెలుగుతాయి. గౌరవంగా చూపించాల్సి వచ్చేసరికి ఫ్యూజు పోతుందా? సిగ్గుండాలి.

ఆవిణ్ని పిలిచేవాళ్లకు అంతకంటే ఎక్కువ ఉండాలి. 'వోగ్' అట్టకు ఒక నల్లజాతి ఫొటోగ్రాఫర్‌ను పిలవడానికి 126 ఏళ్లు పట్టింది. 2018లో టైలర్ మిచెల్ గాయని బియాన్సేను తీశాడు. అప్పటికతనికి 23 ఏళ్లు. ఏ దీపమూ ఆరిపోలేదు. అది చూశాక కూడా, రెండేళ్లకు బైల్స్ ఫొటో తీయాల్సి వస్తే ఫోన్ మాత్రం పాత నంబరుకే వెళ్లింది.