డెర్బీషైర్ ఓటములకు వారసత్వ హోదా ఇవ్వాలి

మొన్న ఇంగ్లండ్ కౌంటీ క్రికెట్‌లో మా డెర్బీషైర్ జట్టు మళ్లీ ఓడిపోయింది. నాలుగు రోజుల మ్యాచ్‌ని మూడో రోజు టీ విరామం లోపే ముగించేశారు. ఎవరి చేతిలో ఓడారు, ఎంత తేడాతో ఓడారు అన్నవి అనవసరమైన వివరాలు. ప్రత్యర్థులు మ్యాచ్‌కొకరు మారుతుంటారు. ఓడే బాధ్యత మాత్రం ఎవరికీ అప్పజెప్పకుండా మా వాళ్లే దగ్గరుండి చూసుకుంటారు. జట్టులో నిలకడ లేదని విమర్శించేవాళ్లకు ఇంతకన్నా నిలకడ ఎక్కడ కనిపించిందో చెబితే వెళ్లి చూసొస్తాను.

ఐపీఎల్ చూస్తూ పెరిగిన పిల్లల కోసం ఒక్క మాట. ఇంగ్లండ్‌లో 18 ఫస్ట్‌క్లాస్ కౌంటీ జట్లున్నాయి. అధికారిక చాంపియన్‌షిప్ 1890 నుంచి నడుస్తోంది. ఏప్రిల్ చలిలో మొదలై సెప్టెంబర్ చలిలో ముగుస్తుంది. తెల్ల బట్టలు, ఎర్ర బంతి, మధ్యలో భోజనం, ఆ తర్వాత టీ. స్టాండ్స్‌లో జనం కన్నా కుర్చీలు ఎక్కువ. డెర్బీలో రోల్స్ రాయిస్ వాళ్లు విమానం ఇంజన్లు తయారు చేస్తారు కాబట్టి ఆ ఇంజన్ల పుణ్యమా అని మనవాళ్లూ ఇక్కడ కొంతమంది ఉన్నారు. వారమంతా పైకి ఎగిరేవాటి మీద పనిచేసే మనిషి వారాంతంలో కాసేపు కింద పడేవాటిని చూడటం ఆరోగ్యానికి మంచిదే.

ఇక అసలు విషయానికొస్తాను. డెర్బీకి ఉత్తరాన డెర్వెంట్ నది వెంట పాత నూలు మిల్లులున్నాయి. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ అనే ఆయన క్రామ్‌ఫర్డ్‌లో నీటితో నడిచే నూలు మిల్లు పెట్టాడు. ఫ్యాక్టరీ అనే పద్ధతికి పురుడు పోసింది ఆ లోయేనంటారు. 2001లో యునెస్కో ఆ మిల్లులన్నింటినీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇప్పుడు క్రామ్‌ఫర్డ్ వెళితే నూలు దొరకదు, టీ, కేకు దొరుకుతాయి. అంటే ఏమిటి? పని మానేసి చాలాకాలమైనా చూడటానికి హుందాగా నిలబడి ఉన్నవాటికి ఆ హోదా ఇస్తారన్నమాట. మా మిడిల్ ఆర్డర్‌కి రెండు అర్హతలూ ఉన్నాయి. కనుక డెర్బీషైర్ ఓటములను కూడా అదే జాబితాలో చేర్చాలని, వెంటనే ఒక కమిటీ వేయాలని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

దరఖాస్తుకి జత చేయాల్సిన పత్రాలకు లోటు లేదు. ప్రాచీనత కావాలా? క్లబ్ పుట్టింది 1870లో. ఓడీ ఓడీ 1887 సీజన్ తర్వాత ఫస్ట్‌క్లాస్ హోదానే పోగొట్టుకుంది. 1894లో తిరిగి ఇచ్చారు. మధ్యలో ఆరు సీజన్లు లెక్కలోకి వచ్చేలా ఓడే భాగ్యం కూడా లేకుండా బతికిన జట్టిది. అంత క్షోభ పడ్డాక కూడా పాత విద్య మర్చిపోలేదంటే అది రక్తంలో ఉండాలి.

పరిపూర్ణత కావాలా? 1920 చూడండి. చాంపియన్‌షిప్‌లో 18 మ్యాచ్‌లు, 17 ఓటములు. ఆ మిగిలిన ఒక్కటి గెలిచారేమో అని కంగారు పడకండి. ఒక్క బంతి కూడా పడకుండానే రద్దయింది. ఇంగ్లండ్ వాతావరణాన్ని అందరూ ఏదో ఒకటి అంటూనే ఉంటారు, నాకు ఉన్న ఫిర్యాదు మాత్రం ఆ ఒక్క మ్యాచ్ గురించే. నూటికి నూరు వచ్చే పిల్లాడిని ఆఖరి పరీక్ష హాలు గుమ్మంలో ఆపేసినట్టయింది.

అయితే వీటన్నిటికీ తలమానికం 1975 జూన్ నాటి బక్స్‌టన్. దీని గురించి తొందరపడి చెప్పకూడదు. బక్స్‌టన్ కొండల మీద ఊరు. శనివారం లాంకషైర్ వాళ్లు బ్యాటింగ్ చేసి 5 వికెట్లకు 477 కొట్టారు, క్లైవ్ లాయిడ్ 167 నాటౌట్. ఆదివారం ఈ మ్యాచ్‌కి విశ్రాంతి. సోమవారం, జూన్ 2, ఆటగాళ్లు వచ్చి చూస్తే మైదానమంతా మంచు! జూన్ నెలలో! ఆ రోజు ఆట లేదు. అప్పట్లో పిచ్‌లకు కప్పడాలూ గిప్పడాలూ ఉండేవి కావు. మంగళవారం ఎండ కాసింది, మంచు కరిగింది, తడిసిన పిచ్ మెల్లగా ఆరడం మొదలెట్టింది. అలాంటి పిచ్ మీద బంతి ఎటు లేస్తుందో వేసినవాడికే తెలియదు. మా వాళ్లు 42కి ఆలౌట్. ఫాలో ఆన్ ఆడి 87కి మళ్లీ ఆలౌట్. ఇన్నింగ్స్ 348 పరుగుల తేడాతో ఓటమి.

స్కోరు ఎవరైనా చెబుతారు. నన్ను కదిలించేది ఆష్లీ హార్వే-వాకర్ వ్యవహారం. ఈయన బ్యాటింగ్‌కి వస్తూ నేరుగా అంపైర్ డికీ బర్డ్ దగ్గరికెళ్లి, జేబురుమాల్లో చుట్టిన పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. కాస్త దాచిపెట్టండి, ఎక్కువసేపు పట్టదులెండి అని చెప్పి క్రీజుకి వెళ్లాడు. విప్పి చూస్తే లోపల ఆయన పెట్టుడు పళ్లు. చెప్పినట్టే ఎక్కువసేపు పట్టలేదు. డికీ బర్డ్ ఈ కథ జీవితాంతం చెప్పుకున్నాడు. నేటి ఆటగాళ్లకు డేటా అనలిస్టులున్నారు, మైండ్ కోచ్‌లున్నారు, నిద్ర ఎలా పోవాలో చెప్పడానికి కూడా మనిషి ఉన్నాడు. తన ఇన్నింగ్స్ ఎంతసేపు సాగుతుందో ఇంత కచ్చితంగా అంచనా వేసి, దానికి తగ్గ ఏర్పాట్లు ముందే చేసుకున్న బ్యాట్స్‌మన్‌ని ఒక్కడిని చూపించండి. ఆ పళ్లు ఇప్పుడెక్కడున్నాయో గానీ, ఉంటే మ్యూజియంలో ఉండాలి.

నిజాయితీగా దరఖాస్తు పెట్టేవాడు మచ్చలు దాచకూడదు. 1936లో డెర్బీషైర్ చాంపియన్‌షిప్ గెలిచింది. అదొక్కసారే జరిగింది, మళ్లీ జరగలేదు కాబట్టి అధికారులు పెద్దమనసుతో చూడాలి. 1904లో చెస్టర్‌ఫీల్డ్‌లో ఇంకో విచిత్రం. ఎసెక్స్‌కి చెందిన పెర్సీ పెరిన్ ఒక్కడే 343 నాటౌట్ కొట్టాడు, ఎసెక్స్ మొత్తం 597. ఇంతకన్నా చక్కగా ఓడే అవకాశం ఎవరికొస్తుంది? మా వాళ్లు చేజేతులా పాడుచేసుకున్నారు. బదులుగా 548 కొట్టి, ఎసెక్స్‌ని 97కి పడగొట్టి, తొమ్మిది వికెట్లతో గెలిచారు. వెస్టిండీస్ నుంచి వచ్చిన చార్లెస్ ఒలివియర్ 229, 92 నాటౌట్ కొట్టి ఇందులో ప్రధాన పాత్ర పోషించాడు. కొత్తగా వచ్చిన మనిషి, ఇక్కడి ఆచారాలు ఎవరూ చెప్పినట్టు లేదు. 1981 నాట్‌వెస్ట్ ట్రోఫీ ఫైనల్ మాత్రం అంత తప్పు కాదు. స్కోర్లు సమం అయ్యాయి, తక్కువ వికెట్లు పోగొట్టుకున్నారని కప్పు చేతికిచ్చారు. అంటే గెలిచినప్పుడు కూడా అవతలి జట్టు కన్నా ఒక్క పరుగు ఎక్కువ చేయలేదు. సంప్రదాయం అంటే ఇదీ.

వాస్తు కోణం కూడా పరిశీలించారు. డెర్బీ మైదానం ఒకప్పుడు గుర్రప్పందేల రేస్‌కోర్సు. పిచ్ తూర్పు పడమరలుగా ఉండేది, సాయంత్రమయ్యేసరికి ఎండ సూటిగా బ్యాట్స్‌మన్ కళ్లలో కొట్టి ఆట ఆపాల్సి వచ్చేది. చివరికి పిచ్‌ని తొంభై డిగ్రీలు తిప్పి ఉత్తర దక్షిణాలుగా వేశారు. మన సిద్ధాంతి ఎవరూ ఫీజు తీసుకోకుండానే! ఫలితం మీరు మొన్న చూశారు. వెలుతురు బాగుండటంతో స్టంపులు ఎగరడం ఇప్పుడు ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది.

ఎందుకిలా అని అడిగేవాళ్లుంటారు. ఒకప్పుడు ఈ కౌంటీకి ఫాస్ట్ బౌలర్ కావాలంటే బొగ్గు గని మొహానికి వెళ్లి ఈల వేస్తే చాలు, ఒకడు పైకి వచ్చేవాడని చెప్పుకునేవారు. పూర్తిగా కట్టుకథేమీ కాదు. 1936 జట్టు ప్రధాన బౌలర్ బిల్ కాప్సన్ గని కార్మికుడు. 1926 సమ్మెలో పని లేక ఆట మొదలుపెట్టాడు. గనులన్నీ మూతపడ్డాయి. ఇప్పుడు అదే చోట ఈల వేస్తే గోడౌన్ సెక్యూరిటీ గార్డు వచ్చి ఐడీ కార్డు అడుగుతాడు.

రెండో కారణం డబ్బు. దీన్ని నవ్వుతూ రాయడం కాస్త కష్టం. 2021లో ‘ది హండ్రెడ్’ అని కొత్త టోర్నీ పెట్టి, ఎనిమిది జట్లను పెద్ద టెస్ట్ మైదానాలున్న ఊళ్లకు పంచారు. పక్కనున్న నాటింగ్‌హామ్‌కి ఒకటి వచ్చింది, డెర్బీకి రాలేదు. ఎండలు కాసే ఆగస్టు వాటికి, ఏప్రిల్ చలి మాకు. తర్వాత ఆ జట్లలో వాటాలు అమ్మకానికి పెడితే ఐపీఎల్ యజమానులు క్యూ కట్టారు. హైదరాబాద్ సన్‌రైజర్స్ యజమానులు లీడ్స్ జట్టుని తీసుకున్నారు. మన రాజాం నుంచి బయల్దేరిన జీఎంఆర్ గ్రూపు ఏకంగా హాంప్‌షైర్ కౌంటీనే కొనేసింది. మా గేటు దగ్గర మాత్రం కారు ఆగలేదు. డెర్బీషైర్ చేసే పని కుర్రాళ్లను వెతికి, తిండి పెట్టి, ఆట నేర్పడం. వాడికి ఆట వచ్చిందని తెలిసిన వారంలోనే పెద్ద కౌంటీ నుంచి ఫోన్ వస్తుంది. పెట్టుబడిదారులు మరోసారి ఆలోచించాలని మనవి. అన్ని జట్లలోనూ రిస్క్ ఉంది, మా దగ్గర ఒక్కచోటే ఫలితం ముందే తెలుసు.

తెలుగువాళ్లకు ఈ కౌంటీ మీద కొంత హక్కు ఉంది కూడా. అజహరుద్దీన్ 1991, 1994ల్లో ఇక్కడ ఆడాడు. 1991లో అయితే 2 వేల పరుగులు దాటించాడు. పెవిలియన్ పక్క బెంచీలో ఒక పెద్దాయన కూర్చుంటారు. ఒళ్లో సొంత స్కోరు పుస్తకం, చెవి మీద పెన్సిలు, కాళ్ల దగ్గర ఫ్లాస్కు. వికెట్ పడితే తలెత్తరు, చప్పుడుని బట్టి బౌల్డో క్యాచో రాసేసుకుంటారు. మాది హైదరాబాద్ అని చెప్పగానే పెన్సిలు పక్కన పెట్టి, చేతిలో సగం తిన్న శాండ్‌విచ్‌తోనే మణికట్టు ఇలా తిప్పి, మిడ్‌వికెట్ వైపు చూశారు. గుడ్డు ముక్క ఒకటి నిజంగానే ఆ దిశగా వెళ్లింది. “అది బౌండరీ,” అన్నారు. ఈ లోపు ఇటు ఇంకో వికెట్ పడింది. దాన్నీ రాసుకున్నారు.

మన హైదరాబాద్ రంజీ జట్టు నుంచి ఈ విషయంలో చాలా ఆశించాను. 1937-38, 1986-87ల్లో తప్ప ట్రోఫీ జోలికి పోలేదు. 2022-23లో అట్టడుగున నిలిచి ప్లేట్ గ్రూపుకి పడిపోయింది. ఆహా, అనుకున్నాను. తీరా చూస్తే మరుసటి సీజన్లోనే తన్మయ్ అగర్వాల్ అరుణాచల్ ప్రదేశ్ మీద 366 కొట్టడం, ప్లేట్ గెలవడం, పైకి వచ్చేయడం! ఓర్పు లేదు. ఇలాంటి పనులకు తరాలు పడుతుంది.

కోచ్‌ని తీసేయాలని, కెప్టెన్‌ని మార్చాలని ఆవేశపడే యువ అభిమానులకు నా విన్నపం ఒక్కటే. వారసత్వ కట్టడంలో ఇటుక కదపడానికి కూడా అనుమతి కావాలి. మూడో నంబర్ బ్యాట్స్‌మన్ ఆఫ్ స్టంప్ బయట బంతిని వేటాడి స్లిప్‌లో దొరికిపోతున్నాడంటే, అదొక శైలి. దానికి మరమ్మతు చేస్తామంటే ఎలా? వేన్ మ్యాడ్సన్‌ని చూడండి. దక్షిణాఫ్రికాకి హాకీ ఆడి 2009లో ఇక్కడికొచ్చిన మనిషి, నలభై దాటాక కూడా ఒక ఎండ్‌లో పరుగులు చేస్తూ నిలబడ్డాడు, రెండో ఎండ్ గురించి ఒక్కసారైనా గట్టిగా మాట్లాడాడా?

ఇంకో జాగ్రత్త కూడా అవసరం. ఇచ్చిన హోదా వెనక్కి తీసుకోవడం యునెస్కోకి కొత్త కాదు. లివర్‌పూల్ నది ఒడ్డుకి 2004లో ఇచ్చారు. అక్కడ కొత్త కట్టడాలు లేచి, ఎవర్టన్ ఫుట్‌బాల్ స్టేడియానికి కూడా ప్లాన్లు సిద్ధమయ్యేసరికి 2021లో జాబితాలోంచి కొట్టేశారు. అభివృద్ధి అంత ప్రమాదకరం. మొన్నటి రెండో ఇన్నింగ్స్‌లో, అవతల ఎనిమిది వికెట్లు పడ్డాక, మా అకాడమీ కుర్రాడొకడు తల వంచుకుని గంటన్నర సేపు ఆడాడు. కవర్ డ్రైవ్‌లు రెండు కొట్టాడు, రెండూ బ్యాట్ మధ్యలోంచే. పెద్దాయన కూడా తలెత్తి చూశారు. ఈ అనధికార నిర్మాణం సంగతి క్లబ్ యాజమాన్యం వెంటనే తేల్చాలి. వాళ్ల వల్ల కాకపోతే చెప్పమనండి, హైడ్రా వాళ్లకు నేనే ఫోన్ చేస్తాను.