ప్లాన్ బి రాసుకోవాల్సింది ఫలితాలు వచ్చాక కాదు

తెలంగాణలో గ్రూప్-1 అభ్యర్థులు పడ్డ అవస్థ చిన్నది కాదు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. అక్టోబరులో ప్రిలిమ్స్ పెట్టారు. పేపర్ లీకేజీ బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడో ప్రిలిమ్స్. కష్టపడి చదివి క్వాలిఫై అయినవాళ్లు కూడా మళ్లీ మొదటికొచ్చారు. ఇందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇంత జరిగాక కూడా "ఒకటే లక్ష్యం పెట్టుకో, పక్కకు చూడకు" అని పిల్లలకు చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. జీహే షిన్, కేథరిన్ మిల్క్‌మన్ అనే పరిశోధకులు 2016లో ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రత్యామ్నాయం గురించి ముందుగా ఆలోచించినవాళ్లు అసలు పనిలో వెనకబడ్డారు. గెలవాలన్న పట్టుదలే సడలిందట. అంటే రోజూ పుస్తకం ముందు కూర్చుని "రాకపోతే ఏంటి?" అనుకుంటే నష్టమే. కానీ ఆ ప్రశ్నకు ఒక్కసారి కాగితం మీద జవాబు రాసి పక్కన పెట్టేస్తే, అది రోజూ బుర్ర తినదు.

ఆ కాగితంలో ముందు చిన్న విషయాలు ఉండాలి. జ్వరం వచ్చి నాలుగు రోజులు పోతే ఏ సబ్జెక్టు వాయిదా వేయాలి? పరీక్ష వాయిదా పడితే హాస్టల్‌లోనే ఉండాలా, ఊరికి వెళ్లి చదవాలా? "ఇలా జరిగితే ఇలా చేస్తాను" అని ముందే అనుకున్నవాళ్లు ఆ పని చేసే అవకాశం ఎక్కువని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ చాలాకాలం క్రితమే చూపించారు.

తర్వాత అసలైన కష్టమైన ప్రశ్న. ఎప్పటిదాకా? దీనికి తేదీ కావాలి, ఖర్చుకు హద్దు కావాలి. హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్‌నగర్ గదుల్లో ఉండే చాలామందికి డబ్బు ఇంటి నుంచే వస్తుంది. ఒక్కో వాయిదాకు అద్దె, మెస్ బిల్లు అమ్మానాన్నల మీద పడతాయి. అమ్మాయిలకైతే ప్రతి అదనపు ఏడాదీ పెళ్లి మాటతో ముడిపడి ఉంటుంది. ఫలానా నెల వరకు గ్రూప్స్, ఆ తర్వాత బీఈడీ లేదా ప్రైవేటు ఉద్యోగం అని ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటే, ఆ గడువు దాకా ఎవరూ కదిలించరు. ఫలితాలు వచ్చిన రోజు ఏడుస్తూ తీసుకునే నిర్ణయం కంటే ఇది ఎంతో మేలు.

అయితే భారమంతా అభ్యర్థి మీదే వేయకూడదు. యూపీఎస్సీ పరీక్షల క్యాలెండర్ చాలా ముందే వస్తుంది. అదే తెలంగాణలో 2022 డిసెంబరు నాటి గ్రూప్-2 నోటిఫికేషన్‌కు పరీక్ష పదే పదే వాయిదా పడి 2024 డిసెంబరులో జరిగింది. జాబ్ క్యాలెండర్‌ను 2024 ఆగస్టులో తెలంగాణ శాసనసభలో ప్రకటించారు. ఆ తేదీలు నిలబడితేనే అభ్యర్థి తన కాగితం మీద ఒక గడువు నమ్మకంగా రాసుకోగలుగుతాడు.