సింగపూర్ ఇంట్లో ఆయా: గొడవ నిజంగా కల్చర్‌దేనా?

సింగపూర్‌లో 1990ల చివరి నుంచి ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలో ఓ చిన్న గది ఉంటుంది. మందపాటి కాంక్రీటు గోడలు, ఇనుప తలుపు, కిటికీ ఉండదు. యుద్ధం వస్తే తలదాచుకోవడానికి పెట్టిన బాంబ్ షెల్టర్ అది. యుద్ధం రాలేదు కాబట్టి అందులో బియ్యం బస్తాలు, సూట్‌కేసులు, పాత కుక్కర్లు చేరాయి. కొన్ని ఇళ్లలో వాటి మధ్యే పరుపు వేసుకుని, పిల్లాడిని చూసుకునే అమ్మాయి పడుకుంటుంది.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే చాలా తెలుగు కుటుంబాలకు ఆ అమ్మాయి లేకపోతే రోజు గడవదు. ఎక్కువగా ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, మయన్మార్‌ల నుంచి వచ్చే ఇలాంటి హెల్పర్లు అక్కడ దాదాపు 3 లక్షల మంది ఉన్నారు. మనవాళ్లు నలుగురు కలిస్తే వాళ్ల ఊసు రాకుండా ఉండదు. ఏం చెప్పినా ‘యెస్ మేడమ్’ అంటుంది కానీ చెయ్యదు, ఫోన్ వదలదు, మన తిండి తినదు. చివరికి అందరూ తేల్చేది ఒకటే: వాళ్ల కల్చర్ వేరండీ. ఇలా కల్చర్ మీదికి నెట్టేసే గొడవల్లో చాలావాటికి సంస్కృతితో సంబంధం లేదని నా అభిప్రాయం. మన ఊళ్లో పనిమనిషితో మెలిగే పద్ధతినే, సంతకాలు పెట్టి వర్క్ పర్మిట్ మీద తెచ్చుకున్న మనిషి మీద రుద్దడం వల్ల వచ్చేవి అవి.

తిండి సంగతే చూడండి. శాకాహారుల ఇంట్లో మయన్మార్ అమ్మాయి ఉందనుకుందాం. పులియబెట్టిన చేపల ముద్ద లేనిదే ఆమెకు అన్నం దిగదు. ఇంట్లో చేప వాసన రాకూడదంటారు. సరే, అది ఇంటివాళ్ల ఆచారం, తప్పుపట్టలేం. పోనీ బయట తినడానికి డబ్బులిస్తారా అంటే, ‘మూడు పూటలా పెడుతున్నాం కదా’ అంటారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. నెలల తరబడి పప్పన్నం, పెరుగన్నం మీద నెట్టుకొచ్చిన అమ్మాయి నీరసపడితే దానికి బద్ధకమని పేరు. సింగపూర్ కార్మిక శాఖ హెల్పర్‌కు రోజూ ఏం పెట్టాలో నమూనా కూడా ఇచ్చింది: పొద్దున నాలుగు బ్రెడ్ ముక్కలు, మధ్యాహ్నం గిన్నెడు అన్నం, ముప్పావు కప్పు కూరగాయలు, అరచేతంత మాంసమో చేపో, ఒక పండు. తనకు ఇబ్బందైన తిండి తినమని బలవంతపెట్టొద్దనీ చెప్పింది. ఒక ప్రభుత్వం బ్రెడ్ ముక్కలు లెక్కపెట్టి చెప్పిందంటే ఊరికే చెప్పి ఉండదు.

ఊరి నుంచి అమ్మో అత్తగారో వచ్చాక ఇంకో ముచ్చట మొదలవుతుంది. ‘ఆ స్టీలు గ్లాసు ఆ అమ్మాయిది, వేరే పెట్టమ్మా.’ కులమంటే ఏమిటో తెలియని, ఇండోనేషియాలోని జావా పిల్లకు కూడా వేరే కంచం! పిల్లాడి నోట్లో అన్నం ముద్ద పెట్టేది ఆమె చెయ్యే, ఆమె తాగిన గ్లాసు మాత్రం సింకులో ఓ మూలన. దీన్ని సంస్కృతుల మధ్య తేడా అనలేం. కులం మన లగేజీతో పాటే విమానమెక్కింది, అంతే.

అసలు తేడాలే లేవని కాదు. కథలు చెబుతూ, బాల్కనీలో పావురాలను చూపిస్తూ గంటసేపు తినిపించడం మనకు ప్రేమ. ‘ఆకలేస్తే తనే తింటాడు మేడమ్’ అని ఆమె గిన్నె తీసేస్తే మనకు ప్రాణం ఉసూరుమంటుంది. నెలల పిల్లకు సాంబ్రాణి పొగ వేయమంటే ఆమె హడలిపోతుంది. ఎదురుగా కాదనడం అమర్యాదని పెరిగిన మనిషి, చెప్పింది అర్థం కాకపోయినా తలూపుతుంది. ఆఫీసులో మేనేజర్ ముందు మనం చేసేదీ అదే అనుకోండి.

పైకి చెప్పుకోలేని బాధ వేరే ఉంది. తల్లి ఆఫీసు నుంచి వచ్చి చేతులు చాపితే, బిడ్డ రాకుండా ఆ అమ్మాయి భుజంలో మొహం దాచుకుంటాడు. నిద్రలో కలవరించేదీ ఆమెనే. తల్లి మనసు చివుక్కుమంటుంది. మర్నాడు గిన్నెలు సరిగ్గా తోమలేదని రుసరుసలు. ఆ కోపం గిన్నెల మీద కాదని ఇద్దరికీ తెలుసు. ఇక్కడ తల్లినొక్కదాన్నే దోషిని చేయడం అన్యాయం. తండ్రీ అదే వేళకు ఇల్లు చేరతాడు, ఆయన్ను ఎవరూ ఏమీ అడగరు. హెల్పర్‌కు పని చెప్పడం, కసరడం, మళ్లీ సర్దిచెప్పడం మొత్తం ఆడవాళ్ల డిపార్ట్‌మెంటే. ఆ హెల్పర్ కూడా చాలాసార్లు తన బిడ్డను అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చినదే అయి ఉంటుంది. ఫోన్ వదలదన్న ఫిర్యాదుకు సగం జవాబు అక్కడే ఉంది.

మిగతా టెన్షన్ డబ్బుది, భయానిది. ఎంప్లాయ్‌మెంట్ పాస్ (విదేశీ ఉద్యోగులకిచ్చే వీసా) మీద ఉన్న కుటుంబం హెల్పర్ జీతం కాక ప్రభుత్వానికి నెలకు 300 సింగపూర్ డాలర్ల లెవీ, అంటే పన్నులాంటి రుసుము, కట్టాలి. పైగా 5,000 డాలర్ల సెక్యూరిటీ బాండ్, అంటే నిబంధనలు తప్పితే ప్రభుత్వం జప్తు చేసుకునే హామీ. ఇంత పెట్టాం కదా, పారిపోతే ఎలా అన్న అనుమానంతో ఫోన్‌కు టైమింగ్స్, హాల్లో కెమెరా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత ఉన్న జాతి మనది మరి. అదే కెమెరా ఇంటివాళ్లనూ పట్టుకుంటుందని 2016లో తేలింది. భారతీయ మూలాలున్న ఓ సింగపూర్ కుటుంబంలో పనిచేసిన 24 ఏళ్ల మయన్మార్ యువతి చిత్రహింసలకు చనిపోయింది. అప్పటికి ఆమె బరువు 24 కిలోలు. ఆ ఇంటి కెమెరాల్లోని దృశ్యాలే సాక్ష్యమై 2021లో యజమానురాలికి 30 ఏళ్ల జైలు శిక్ష పడింది. హెల్పర్లకు ఆర్నెల్లకోసారి జరిగే వైద్య పరీక్షలో గాయాలు, బరువు కూడా చూడాలని డాక్టర్లకు నిబంధన పెట్టింది ఆ ఏడాదే.

రాజంపేట, రాయచోటి, కోనసీమ ప్రాంతాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన మన ఆడవాళ్లు ‘పాస్‌పోర్టు లాక్కున్నారు, రక్షించండి’ అని వీడియో పెడితే మన రక్తం ఉడుకుతుంది, ఉడకాలి కూడా. సింగపూర్‌లో కొందరు మనవాళ్లూ హెల్పర్ పాస్‌పోర్టు తీసి పెట్టేసుకుంటారు, కాకపోతే ‘భద్రంగా ఉంటుందని’ అంటారు. అక్కడి చట్టం ప్రకారం అది నేరం. పని గంటల విషయంలో కువైటే ఒకడుగు ముందుంది: 2015 నాటి చట్టంలో ఇంటి పనివాళ్లకు రోజుకు 12 గంటల పరిమితి ఉంది. అమలు మాట వేరు. సింగపూర్‌లో హెల్పర్లకు పని గంటల లెక్క కాగితం మీద కూడా లేదు.

సింగపూర్‌లో వారానికో సెలవు 2013 నుంచే హక్కు. కానీ డబ్బిచ్చి ఆ రోజు కూడా పని చేయించుకునే వెసులుబాటు ఉండటంతో చాలామందికి సెలవు కాగితానికే పరిమితమైంది. 2023 జనవరి నుంచి నెలకు ఒక్క సెలవైనా తప్పనిసరి, దాన్ని డబ్బుతో కొనేయడం కుదరదు. ఆ రోజు ఫిలిప్పీన్స్ వాళ్లు లక్కీ ప్లాజా మాల్‌లో, మయన్మార్ వాళ్లు పెనిన్సులా ప్లాజా మాల్‌లో తమ తిండి తిని, తమ భాషలో కడుపునిండా మాట్లాడుకుంటారు. నెలకు ఒకటే ఎందుకు, నాలుగూ ఇవ్వొచ్చు కదా అంటే, మరి పిల్లాడిని ఎవరు చూసుకుంటారని అడుగుతారు. ఆదివారం తండ్రికీ సెలవే కదండీ.