సవరణ: రెండు ‘.32’లూ ఒకటి కావు

విశాఖలో లైసెన్సు తీసుకుని ఒకే తుపాకీ పెట్టుకోవాలనుకునేవాళ్లకి పోయిన పోస్టులో ఒక మాట రాశాను (.32 అంటే తూటా వ్యాసం, అంగుళాల్లో సుమారుగా): ‘.32 పిస్టల్‌కీ, .32 రివాల్వర్‌కీ తూటా ఒకటే, ఏది కొన్నా ప్రాక్టీసుకి ఇబ్బంది లేదు’ అని. అది తప్పు, నా పొరపాటే. తయారీదారుల వివరాలు, తూటాల డబ్బా మీది కొలతలు మళ్లీ చూశాను.

పిస్టల్ తూటా పేరు .32 ఏసీపీ, కొలత 7.65×17 మి.మీ. (వ్యాసం × డొల్ల పొడవు). రివాల్వర్ తూటా పేరు .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్, కొలత 7.65×23 మి.మీ. కొన్ని రివాల్వర్లలో పిస్టల్ తూటా దూరుతుంది కూడా. దూరింది కదా అని పేల్చకండి, పిస్టల్ తూటా పేలినప్పుడు పుట్టే ఒత్తిడి ఎక్కువ.

ఏసీపీ తూటా అడుగున చిన్న అంచు ఉంటుంది. మ్యాగజైన్ (పిస్టల్‌లో తూటాలు ఒకదాని మీద ఒకటి పేర్చే పెట్టె) నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందుండాలి. వెనక పడితే రెండూ పెనవేసుకుని తుపాకీ మొరాయిస్తుంది. రివాల్వర్‌లో తూటాలు తిరిగే చక్రంలో విడివిడిగా ఉంటాయి కాబట్టి ఈ బాధ లేదు, కానీ ట్రిగ్గర్ బరువు, గట్టిగా నొక్కాలి. డమ్మీ (మందు లేని ఉత్తుత్తి) తూటాలతో రోజూ నొక్కితేనే వేలు అలవాటు పడుతుంది.

మన సముద్రపు గాలికి ఇత్తడి డొల్లకి పచ్చటి చిలుము పడుతుందని రాసింది మాత్రం సరైనదే. అలాంటివి పక్కన పెట్టేయండి.