పట్టాలు తీసిన చోట పట్టా ఎవరికి?

తిరుపతికి వచ్చే భక్తుడికి ఏ రాత్రయినా ఏదో ఒక గది దొరుకుతుంది. ఆ గదిలో దుప్పటి మార్చే మనిషికే ఊళ్లో ఇల్లు దొరకదు. లాడ్జీగా మారిస్తే రోజు లెక్కన డబ్బులొచ్చే చోట, నెల అద్దెకు ఎవరిస్తారు? ఆ మనిషి తెల్లారకముందే రేణిగుంట నుంచో చంద్రగిరి నుంచో షేర్ ఆటోలో వేలాడుతూ రావాల్సిందే.

దేశంలో తమ దగ్గర సుమారు 62 వేల హెక్టార్లు ఖాళీగా ఉన్నాయన్నది రైల్వే శాఖ చెప్పిన లెక్కే. మన వైపు కూడా మీటర్ గేజ్ (పాత సన్న పట్టాల లైను) పోయాక పనిలేకుండా మిగిలిన స్థలాలను గుర్తించి ఇళ్లకు ఇవ్వాలని మేము కోరుతున్నాం. పెంకులు జారిన క్వార్టర్సు, పాత పట్టాముక్కలే స్తంభాలుగా పాతిన కంచె, లోపల కంపచెట్లు... ఇలాంటి జాగా ఊరి నడుమ ఉండి ఎవరికి లాభం?

అలాగని తొందరపడి వేలం వేస్తే కుదరదు. తిరుపతి–పాకాల–కాట్పాడి మధ్య 104 కిలోమీటర్ల డబ్లింగ్‌కు 2025 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. ఖర్చు 1,332 కోట్లు. రెండో లైనుకు, రేపటి ప్లాట్‌ఫారాలకు ఎంత కావాలో ముందు గీత గీయాలి. ఇళ్లు కట్టేశాక పడగొట్టలేం కదా.

అసలు చిక్కు డబ్బు దగ్గరుంది. ఈ స్థలాలు చూసే రైల్ ల్యాండ్ డెవలప్‌మెంట్ అథారిటీ పుట్టిందే టికెట్లు, సరుకు రవాణా కాకుండా వేరే ఆదాయం తేవడానికి. ఎక్కువ పాడినవాడికే లీజు ఇస్తే, తిరుపతిలో అతను కట్టేది ఇంకో హోటలే. అందుకే ఫలానా వంతు చిన్న ఇళ్లు, అవీ నెల అద్దెకు అని టెండరులోనే రాయాలి. అమ్మే ఫ్లాట్లయితే అది సొంత స్థలం కాదని, లీజేనని కొనేవాళ్లకు మొదటి రోజే చెప్పాలి. మనవాళ్లు మొదట అడిగేది 'పట్టా ఉందా?' అనే కదా!

2021 నవంబరు వరదను ఈ ఊరు మరిచిపోలేదు. కొండ మీది నీళ్లు స్వర్ణముఖి వైపు వెళ్లాలంటే రైలు కట్ట దాటాలి. దాని పక్కన కాంక్రీటు పోసేముందు కాలువల సంగతి తేల్చాలి. యార్డుల్లో ఏళ్ల తరబడి డీజిల్, ఆయిల్ ఇంకిన మట్టినీ పరీక్ష చేయించాలి.

ట్రాక్ పక్కన గుడిసెల్లో ఇప్పటికే కాపురాలున్న చోట, వాళ్ల జాబితా టెండరు కంటే ముందే తయారవ్వాలి. పొక్లెయిన్ వచ్చిన రోజు కాదు.