బాత్రూమ్‌కి 3 నిమిషాలు, ఆటకి తెల్లవారుజాము

మనిషన్నాక క్రమశిక్షణ ఉండాలి. చేతిలో టెన్నిస్ రాకెట్ ఉన్న మనిషికి మరీ ఉండాలి. ఈ విషయంలో న్యూయార్క్‌లో జరిగే యూఎస్ ఓపెన్ వాళ్లు చేసినంత సేవ ఇంకెవరూ చేయలేదని నా గట్టి నమ్మకం. కోర్టులోకి వచ్చిన ఆటగాడు టాస్ కోసం నెట్ దగ్గరికి రావడానికి 1 నిమిషం. వార్మప్‌కి 5 నిమిషాలు. వార్మప్ అయ్యాక మొదటి సర్వ్‌కి సిద్ధం కావడానికి ఇంకో నిమిషం. పాయింటుకీ పాయింటుకీ మధ్య 25 సెకన్లు. వైపులు మారేటప్పుడు కుర్చీలో కూలబడటానికి 90 సెకన్లు, సెట్ అయిపోతే 120 సెకన్లు. సెట్‌లో మొదటి గేమ్ తర్వాత కూడా వైపులు మారాలి కానీ కూర్చోకూడదు. ఒక్క గేమ్‌కే ఏం అలిసిపోయారని?

ఇన్ని గడియారాలున్న టోర్నమెంటుని "ఇవాళ ఆఖరి మ్యాచ్ ఎన్నింటికి అయిపోతుందండీ?" అని అడిగి చూడండి. ఆకాశం వైపు చూస్తుంది. 2016 నుంచి అక్కడి పెద్ద కోర్టు ఆర్థర్ ఆష్ స్టేడియానికి మూసుకునే కప్పు కూడా వచ్చింది కాబట్టి, వాన పడితే ఆ ఆకాశమూ కనిపించదు.

దీన్ని కొందరు లోపం అంటున్నారు. నేను ఒప్పుకోను. సెకన్లు లెక్కపెట్టేవాడు గంటలు కూడా లెక్కపెడతాడని మనం ఇన్నాళ్లూ అమాయకంగా నమ్మాం. ఆ రెండూ వేర్వేరు శాఖలని న్యూయార్క్ వాళ్లు నిరూపించారు. సెకన్ల శాఖ ఆటగాళ్లది. గంటల శాఖ నిర్వాహకులది. మొదటి శాఖలో జరిమానాలుంటాయి. రెండో శాఖలో "అభిమానులకు మరపురాని రాత్రి" అనే ప్రకటనలుంటాయి.

ముందు సెకన్ల శాఖ పనితీరు చూద్దాం. 2018లో యూఎస్ ఓపెన్ మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, సర్వ్ గడియారం పెట్టారు. గ్రాండ్‌స్లామ్‌లలో, అంటే టెన్నిస్‌లోని నాలుగు పెద్ద టోర్నమెంట్లలో, అదే మొదటిసారి. ఎత్తు కుర్చీలో కూర్చున్న అంపైర్ స్కోరు చెప్పి మీట నొక్కగానే కోర్టు మూలన 25 అని అంకె వెలుగుతుంది. 24, 23. ఆటగాడు తువ్వాలు అందుకుని ముఖం తుడుచుకుంటాడు. చెమట పట్టిన చెయ్యి తుడుచుకుంటాడు, పట్టని చెయ్యి కూడా తుడుచుకుంటాడు. 16. మూడు బంతులు అడిగి, పెళ్లిచూపులకొచ్చినవాడిలా తిప్పి తిప్పి చూసి, ఒకదాన్ని వద్దని వెనక్కి పంపేసి, ఒకదాన్ని జేబులో కుక్కుకుంటాడు. 9. నాదల్ అయితే ఈలోగా నిక్కరు, భుజాలు, ముక్కు, చెవుల మీది జుట్టు, అన్నీ వరసగా సర్దుకునేవాడు. ఏది ఎన్నోదో చూసేవాళ్లకి కూడా కంఠతా వచ్చేసింది. జొకోవిచ్ బంతిని నేలకి కొట్టడం మొదలుపెడతాడు. 4, 3. ఇంకా కొడుతూనే ఉంటాడు. 2, 1. చెయ్యి లేస్తుంది.

గడియారం పెట్టకముందు గ్రాండ్‌స్లామ్‌లలో రూలు 20 సెకన్లే. అది పుస్తకంలో ఉండేది, అమలు అంపైర్ దయ మీద ఉండేది. త్వరగా ఆడించడానికి గడియారం తెచ్చి, దాంతోపాటు 5 సెకన్లు అదనంగా ఇచ్చారు. పైగా అంపైర్ స్కోరు చెప్పేదాకా అది కదలదు. ఇక ఆటగాడికి తొందరేముంది? ఎదురుగా అంకె కనబడుతుంటే ఆఖరి సెకను దాకా వాడుకోని వాడే వెర్రివాడు. అంకె సున్నాకి వస్తే మొదటిసారి హెచ్చరిక. మళ్లీ జరిగితే సర్వ్ చేసేవాడికి ఆ సర్వ్ పోతుంది, ఎదుటివాడు ఆలస్యం చేస్తే పాయింటే పోతుంది. న్యాయం అంటే ఇలా ఉండాలి.

ఇక బాత్రూమ్ అధ్యాయం. టెన్నిస్ చరిత్రలో ఇంత లోతుగా చర్చ జరిగిన అధ్యాయం మరొకటి లేదు. 2021 యూఎస్ ఓపెన్ మొదటి రౌండ్‌లో సిట్సిపాస్, ఆండీ ముర్రే అయిదో సెట్‌కి వచ్చారు. సిట్సిపాస్ బట్టలు మార్చుకొస్తానని వెళ్లాడు. 8 నిమిషాలు దాటినా రాలేదు. ముర్రే ఒళ్లు చల్లబడిపోతోంది. కోర్టంతా అటూ ఇటూ తిరిగాడు, అంపైర్‌తో మొర పెట్టుకున్నాడు, మ్యాచ్ ఓడిపోయాడు, బయటికొచ్చి ఆ మనిషి మీద గౌరవం పోయిందన్నాడు. మర్నాడు కూడా కడుపుమంట తగ్గలేదు. అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ అంతరిక్షంలోకి వెళ్లడానికి పట్టిన టైముకి రెండింతలు సిట్సిపాస్ బాత్రూమ్‌కి పడుతుందని ట్వీట్ చేశాడు.

ఇలాంటి జాతీయ, అంతర్జాతీయ, అంతరిక్ష సమస్య వచ్చాక అధికారులు ఊరుకుంటారా? 2022లో పురుషుల టూర్, అంటే ఏడాది పొడవునా మగవాళ్ల టోర్నమెంట్లు నడిపే సంస్థ, కొత్త రూలు తెచ్చింది. బాత్రూమ్‌లోకి అడుగుపెట్టినప్పటి నుంచి 3 నిమిషాలు, బట్టలు మార్చుకుంటే ఇంకో 2. మానవ శరీర ధర్మాలకు కాలపరిమితి విధించిన ఆ కమిటీ సమావేశం ఎలా జరిగిందో ఊహించుకుంటే నాకిప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మూడు నిమిషాలు చాలవేమోనని ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆయన్ని మిగతావాళ్లు అదోలా చూసి ఉంటారు.

ఇప్పుడు మెల్‌బోర్న్ వెళ్దాం. ఆస్ట్రేలియన్ ఓపెన్, 2023 జనవరి. అదే ఆండీ ముర్రే, ఈసారి కొకినాకిస్‌తో. రెండు సెట్లు వెనకబడి, లాక్కుంటూ పీక్కుంటూ ఆడుతున్నాడు. అర్ధరాత్రి దాటి ఎంతో సేపయింది. పాపం ముర్రే బాత్రూమ్‌కి వెళ్లాలన్నాడు. కుదరదన్నారు, తనకిచ్చిన విరామం అప్పటికే వాడేసుకున్నాడు కదా. తెల్లవారుజాము దాకా మమ్మల్ని ఇక్కడ ఉంచొచ్చు కానీ ఒంటేలుకి మాత్రం పోనివ్వరా, ఇదేం మర్యాద అని ఆయన అంపైర్‌ని అడిగాడు. 5 గంటల 45 నిమిషాల ఆట పొద్దున 4:05కి ముగిసింది. ముర్రే గెలిచాడు. ఏడాదిన్నర కింద ఎదుటివాడు లోపల ఎక్కువసేపు ఉన్నాడని గొడవపడిన మనిషే, ఇప్పుడు తనని అసలు లోపలికే పోనివ్వలేదని గొడవపడ్డాడు. ఆయన మాట మార్చాడని నేననను. రెండుసార్లూ పాపం ఆయనదే న్యాయం. గడియారమే ఎప్పుడూ తప్పు మనిషి చేతిలో ఉంది.

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని ఊరికే అనలేదు. కోడలు 26 సెకన్లు తీసుకుంటే హెచ్చరిక. అత్తగారు తెల్లారుజామున 4 గంటల దాకా లాగితే చరిత్రాత్మకం.

న్యూయార్క్ అత్తగారి రికార్డులూ తక్కువవేం కాదు. 2022 క్వార్టర్‌ఫైనల్లో అల్కరాజ్, సిన్నర్ 5 గంటల 15 నిమిషాలు కొట్టుకుని తెల్లవారుజామున 2:50కి ముగించారు. యూఎస్ ఓపెన్‌లో అంత ఆలస్యంగా ఏ మ్యాచూ ముగియలేదు. 19 ఏళ్ల అల్కరాజ్ ఒక్క రోజు తేడాతో సెమీస్‌లో మళ్లీ 5 సెట్లు ఆడి, ఆదివారం ఫైనల్ గెలిచి, నంబర్ వన్ కూడా అయ్యాడు. దీన్నిబట్టి మనిషికి నిద్ర అవసరం లేదని శాస్త్రీయంగా తేలిపోయింది. స్త్రీలకీ అన్యాయం చేయలేదు. 2024లో జెంగ్ కిన్వెన్, వెకిచ్‌ల మ్యాచ్ 2:15కి ముగిసి మహిళల విభాగంలో రికార్డయింది. సమానత్వం దిశగా ఇంకో 35 నిమిషాలే మిగిలాయి.

కారణం వెతకాలంటే పెద్ద పరిశోధన అక్కర్లేదు, టికెట్ చూస్తే చాలు. పగటి టికెట్ వేరు, రాత్రి టికెట్ వేరు. ఒకటే కుర్చీ, రోజుకి రెండుసార్లు అమ్ముడవుతుంది. రాత్రి 7కి మొదలయ్యే ఆటలో మామూలుగా రెండు మ్యాచ్‌లు, ఒకటి మగవాళ్లది, ఒకటి ఆడవాళ్లది. మగవాళ్ల మ్యాచ్ మూడు సెట్లలో తేలొచ్చు, అయిదు దాకా పోవచ్చు. అది ముందు పెట్టి, అయిదు దాకా పోతే, రెండో మ్యాచ్ ఆడాల్సిన అమ్మాయిలు డ్రెస్సింగ్ రూమ్‌లో ఎన్నింటికి తినాలో, ఎన్నింటికి ఒళ్లు వేడెక్కించుకోవాలో తెలియక కూర్చుంటారు. వాళ్ల ఎదురుచూపుకి గడియారం లేదు. వాళ్లు కోర్టులోకి వచ్చాక మాత్రం వెంటనే ఉంటుంది. నెట్ దగ్గరికి 1 నిమిషం.

ఈ చిక్కుకి పారిస్ వాళ్లు భలే తెలివైన విరుగుడు కనిపెట్టారు. ఫ్రెంచ్ ఓపెన్‌లో రాత్రికి ఒకే మ్యాచ్. ఆ ఒక్కటీ దాదాపు ఎప్పుడూ మగవాళ్లదే. తలనొప్పి పోయింది, తలతో పాటే. 2024లో పురుషుల టూర్, మహిళల టూర్ కలిసి రాత్రి 11 దాటాక మ్యాచ్ మొదలుపెట్టకూడదని ఒక నియమం పెట్టుకున్నాయి, ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప. అయితే గ్రాండ్‌స్లామ్‌లు ఆ ఇంటివి కావు, వేరు కాపురం. వాటి రూళ్లు అవే రాసుకుంటాయి.

యూఎస్ ఓపెన్‌కి చేతకాదు అనుకోకండి. తల్చుకుంటే విమానాలనే దారి మళ్లించిన టోర్నమెంటు ఇది. పక్కనే లగార్డియా విమానాశ్రయం. సర్వ్ చేయబోతే నెత్తి మీద విమానం గర్జించేది. టెన్నిస్ పిచ్చి ఉన్న డేవిడ్ డింకిన్స్ న్యూయార్క్ మేయర్ అయ్యాక, ఓపెన్ జరిగే రోజుల్లో గాలి అనుకూలిస్తే విమానాల్ని వేరే వైపు నుంచి పంపేలా ఏర్పాటు చేయించాడు. విమానం దారి మళ్లింది. రెండో మ్యాచ్‌ని పక్క కోర్టుకి మళ్లించడమే మహా కష్టం.

ఆస్ట్రేలియా వాళ్లు మాత్రం ముర్రే ఘటన తర్వాత సీరియస్‌గా ఆలోచించారు. 2024లో టోర్నమెంటుని ఒక రోజు ముందుకి, ఆదివారానికి జరిపి 15 రోజులు చేశారు. అర్ధరాత్రి ఆటలు తగ్గించడానికే ఈ త్యాగం అన్నారు. ఒక రోజు టికెట్లు అదనంగా అమ్ముడుపోవడం యాదృచ్ఛికం. ఆ ఏడాదే మెద్వెదేవ్ రెండో రౌండ్ మ్యాచ్ తెల్లవారుజామున 3:39కి ముగిసింది. మందు పనిచేయలేదని తెలిశాక 2025లో న్యూయార్క్ కూడా అదే మందు వాడింది. ఇప్పుడు అక్కడా 15 రోజులే.

నిజానికి టెన్నిస్‌లో ఆలస్యాన్ని కొలిచే గడియారం ఇంకోటి ఉంది, దాన్ని మాత్రం ఎవరూ కోర్టు మూలన పెట్టరు. 1972లో యూఎస్ ఓపెన్ గెలిచినందుకు మగవాళ్లలో నస్తాసేకి 25,000 డాలర్లు, ఆడవాళ్లలో బిల్లీ జీన్ కింగ్‌కి 10,000. ఇలాగైతే వచ్చే ఏడాది రామని ఆవిడ తెగేసి చెప్పింది. 1973లో యూఎస్ ఓపెన్ ఇద్దరికీ సమానం చేసింది, ఆ తేడా డబ్బు భరించింది ఒక డియోడరెంట్ బ్రాండు. చెమటకి విలువ కట్టడానికి అంతకన్నా అర్హులెవరు? అదే మాట వింబుల్డన్‌కి వినబడటానికి 2007 దాకా పట్టింది. 34 ఏళ్లు. ఏ అంపైరూ ఆలస్యం చేశారని టైమ్ వయొలేషన్ ఇవ్వలేదు. ముందు నడిచిన న్యూయార్క్ కూడా డబ్బు సమానం చేసింది కానీ బంతి సమానం చేయడం మర్చిపోయింది. 2022లో కూడా ఆడవాళ్లకి ఒకరకం బంతి, మగవాళ్లకి ఇంకోరకం. స్వియాటెక్ లాంటివాళ్లు మొత్తుకున్నాక 2023లో ఒకటే చేశారు. చెక్కు నుంచి బంతి దాకా రావడానికి సరిగ్గా 50 ఏళ్లు.

మరి ఆడవాళ్లు ఆలస్యం చేస్తే? 2018లో, అంటే సర్వ్ గడియారం పెట్టిన ఏడాదే, అలీజ్ కోర్నె ఎండ విరామం తర్వాత కోర్టుకొచ్చి, చొక్కా వెనకది ముందుకి వేసుకున్నానని గమనించింది. కోర్టు వెనక్కెళ్లి అటు తిరిగి గబగబా తీసి, సరిచేసి వేసుకుంది. కొన్ని సెకన్ల పని. బాత్రూమ్ అడగలేదు, టైము తినలేదు. వెంటనే కోడ్ వయొలేషన్, అంటే ప్రవర్తన తప్పని హెచ్చరిక. అదే కోర్టుల్లో మగవాళ్లు చొక్కా విప్పి కుర్చీలో తీరిగ్గా గాలి పోసుకుంటారు. మర్నాడు నిర్వాహకులు విచారం వ్యక్తం చేశారు. విచారానికి మాత్రం కాలపరిమితి లేదు.

నాదొక చిన్న సూచన. టోర్నమెంట్ రిఫరీ గదిలో కూడా ఒక గడియారం పెడదాం, పెద్ద అంకెలతో, టీవీలో కనబడేలా. రాత్రి 12 దాటితే మొదటిసారి హెచ్చరిక. మళ్లీ దాటితే మర్నాటి రాత్రి టికెట్ల వసూలు పోతుంది, సర్వ్ పోయినట్టే. ఒప్పుకోరని తెలుసు.

2025 యూఎస్ ఓపెన్ మొదటి ఆదివారం, ఆ కొత్తగా కలిపిన రోజున, మెద్వెదేవ్ మళ్లీ కోర్టులో ఉన్నాడు. ఎదుట బోంజీ. మూడో సెట్లో బోంజీకి మ్యాచ్ పాయింట్. మొదటి సర్వ్ తప్పింది. ఇంతలో ఒక ఫొటోగ్రాఫర్ తన పని అయిపోయిందనుకున్నాడో ఏమో, కోర్టులోకి నడిచొచ్చాడు. పాయింటుకి ఉండే రెండు సర్వ్‌లలో ఒకటి అప్పటికే పోయినా, అంపైర్ బోంజీకి మళ్లీ మొదటి సర్వ్ ఇచ్చాడు. మెద్వెదేవ్‌కి తిక్క రేగింది. మైకు ముందుకెళ్లి, ఈ అంపైర్ ఇంటికెళ్లాలనుకుంటున్నాడు, ఈయనకి జీతం గంటల లెక్కన కాదు, మ్యాచ్ లెక్కన అని జనానికి చెప్పాడు. జనం ఊగిపోయారు, అరిచారు, ఈలలు వేశారు. దాదాపు 6 నిమిషాలు ఆట ఆగిపోయింది. కోర్టు మూలన ఆ 25 సెకన్ల గడియారం అక్కడే ఉంది. చివరికి అయిదు సెట్లకి పోయి, అర్ధరాత్రి దాటాక మెద్వెదేవ్ ఓడాడు. ఆయనకి 42,500 డాలర్ల జరిమానా. ఫొటోగ్రాఫర్‌కి పాస్ రద్దు. అంపైర్ ఎన్నింటికి ఇంటికెళ్లాడో ఎవరూ రాసుకోలేదు.